టేబుల్ క్రాష్డ్ అంటోంది, చెక్ కొడితే సగం ఓకే సగం బూతులు. రిపేర్ కొట్టేయొచ్చా?

అటక_మీద_సర్వర్
మా ఊళ్లో చిన్న లైబ్రరీ ఉంది, దాని కేటలాగ్ ఒక పాత డెస్క్‌టాప్ మీద సెంట్‌ఓఎస్ 7 (లినక్స్), మైఎస్‌క్యూఎల్ 5.7 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వేసి నడుపుతున్నాం, సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఎవరో రాసిచ్చి పోయారు, వాళ్ల ఫోన్ ఇప్పుడు కలవదు. మొన్న గాలివానకి కరెంటు పోతూ వస్తూ పోతూ వస్తూ చివరికి సిస్టం లేచింది గానీ పుస్తకం పేరు కొట్టి వెతికితే "టేబుల్ బుక్స్ ఈజ్ మార్క్‌డ్ యాజ్ క్రాష్డ్ అండ్ షుడ్ బి రిపేర్డ్" అంటోంది. నెట్‌లో చూసి మైఎస్‌క్యూఎల్‌చెక్ (టేబుళ్లు బాగున్నాయా చూసే కమాండ్) కొట్టా. మెంబర్స్ టేబుల్ ఓకే, ఇష్యూస్ టేబుల్ ఓకే, బుక్స్ దగ్గరకొచ్చేసరికి వార్నింగ్: "2 క్లయింట్స్ ఆర్ యూజింగ్ ఆర్ హావెంట్ క్లోజ్డ్ ద టేబుల్ ప్రాపర్లీ". దాని కింద ఎర్రర్, డేటాఫైల్ సైజు ఇంతుంది, ఇంత ఉండాలి అని. ఆఖర్న "కరప్ట్". ఆ టైంలో లైబ్రరీలో నేనూ ఒక పిల్లీ తప్ప ఎవరూ లేం, ఆ రెండు క్లయింట్లు ఎవరు బాబూ?

ఒక సైట్లో మైఎస్‌క్యూఎల్‌చెక్‌కే మైనస్ ఆర్ తగిలించి కొట్టమన్నారు, ఇంకో సైట్లో మైఐసామ్‌చెక్ వాడమన్నారు. రెండూ ఒకటేనా? కొట్టేస్తే ఉన్నది కూడా పోతుందా?

ఓరుగల్లు_రూట్
రెండో క్లయింట్ పిల్లే అన్నా, డౌటేం లేదు

బెజవాడ_బైట్
ఇంత ఆలోచన దేనికి. మైఎస్‌క్యూఎల్‌చెక్ --ఆటో-రిపేర్ --ఆల్-డేటాబేసెస్, ఎంటర్. అదే లైన్ రాత్రి 3కి క్రాన్‌లో (టైం ప్రకారం కమాండ్లు తనే నడిపేది) కూడా పడేయ్, మళ్లీ ఈ తలనొప్పి ఉండదు. మా క్లయింట్ల సర్వర్లన్నిటిలో ఏళ్లుగా ఇదే.

పాత_డీబీఏ
ఆగండాగండి. బైట్ గారు చెప్పింది కొట్టేముందు ఒక్క పని చేయండి: సర్వర్ ఆపి, డేటా డైరెక్టరీ మొత్తం ఇంకో డిస్క్‌కి కాపీ తీయండి. డంప్ (డేటాని ఎస్‌క్యూఎల్ టెక్స్ట్‌గా రాసి తీసే కాపీ) కాదు, ఫైళ్లే. రిపేర్ అనేది ఉన్న ఫైల్ మీదే చేసే ఆపరేషన్, మధ్యలో మళ్లీ కరెంటు పోతే వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు.

ఇక మీ ప్రశ్న. రెండూ ఒకటి కాదు. మైఎస్‌క్యూఎల్‌చెక్ స్వయంగా ఫైల్ ముట్టుకోదు, నడుస్తున్న సర్వర్‌కి కనెక్ట్ అయ్యి చెక్ టేబుల్, రిపేర్ టేబుల్, ఎనలైజ్, ఆప్టిమైజ్ అని మామూలు ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లే పంపిస్తుంది, పనంతా సర్వరే చేస్తుంది. అంటే సర్వర్ లేచి ఉండాలి. మైఐసామ్‌చెక్ దీనికి పూర్తిగా తిరగేసి, సర్వర్‌తో సంబంధం లేకుండా నేరుగా .ఎంవైఐ (ఇండెక్స్), .ఎంవైడీ (డేటా) ఫైళ్లు తెరిచి కెలుకుతుంది. అంటే సర్వర్ పడుకుని ఉండాలి. సర్వర్ నడుస్తుండగా మైఐసామ్‌చెక్‌తో రిపేర్ కొడితే ఒకే ఫైల్‌లో ఇద్దరు ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు రాస్తారు, బాగున్న టేబుల్ కూడా పోతుంది. నేను చూసిన పాడైన టేబుళ్లలో కరెంటు వల్ల పోయినవాటి కంటే ఇలా "బాగుచేసి" పాడు చేసినవే ఎక్కువ.

రెండు క్లయింట్లు ఎవరంటే, ఎవరూ లేరు. మైఐసామ్ అంటే మీ బుక్స్ టేబుల్‌ని దాచే పాత స్టోరేజ్ ఇంజిన్, దాని ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టుకునే సూచిక) ఫైల్ హెడర్‌లో ఓపెన్ కౌంట్ అని ఒక అంకె ఉంటుంది. టేబుల్ మార్చడం మొదలెట్టినప్పుడు పెరుగుతుంది, సరిగ్గా క్లోజ్ చేస్తే తగ్గుతుంది. కరెంటు పోతే తగ్గించేవాడు ఉండడు, అంకె అలాగే ఉండిపోతుంది. ఒట్టి ఆ వార్నింగ్ ఒక్కటే వస్తే చాలాసార్లు డేటాకి ఏమీ అయి ఉండదు. మీకు దాని కింద డేటాఫైల్ సైజు ఎర్రర్ కూడా ఉంది, కాబట్టి ఇది నిజంగానే దెబ్బ.

అటక_మీద_సర్వర్
@పాత_డీబీఏ అమ్మయ్య, ఇప్పుడర్థమైంది. పిల్లికి క్లీన్ చిట్. కాపీ తీస్తున్నా, పాత హార్డ్‌డిస్క్ కదా నెమ్మదిగా పోతోంది.

సెమికోలన్_మర్చిపోయా
మైనస్ పీ తర్వాత స్పేస్ ఇచ్చి పాస్‌వర్డ్ కొట్టకండి సార్, స్పేస్ ఇస్తే దాన్ని డేటాబేస్ పేరు అనుకుంటుంది, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చాక ఆ పేరుతో డేటాబేస్ లేదంటుంది. మా టీంలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ దీని దగ్గర కాసేపు జుట్టు పీక్కుంటారు

నైట్_షిఫ్ట్
బెజవాడ_బైట్ బ్రో, ఆ క్రాన్ ఐడియాతో నేను అస్సలు ఒప్పుకోను. ఆటో రిపేర్‌ని రోజూ రాత్రి క్రాన్‌లో పెట్టడం అంటే జ్వరం ఎందుకొస్తోందో చూడకుండా రోజూ పారాసిటమాల్ వేసుకుని పడుకోవడమే. టేబుల్ ఊరికే కరప్ట్ అవదు. డిస్క్ పోతుండొచ్చు, ర్యామ్ పోతుండొచ్చు, చిన్న వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) అయితే మెమరీ చాలక కెర్నలే మైఎస్‌క్యూఎల్‌ని చంపేస్తుండొచ్చు (డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ లాగ్‌లో, "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతికితే దొరుకుతుంది). రాత్రికి రాత్రి రిపేర్ అయిపోయి పొద్దున అంతా బాగానే కనిపిస్తే ఎవరికీ తెలియదు, ఒక్కో రిపేర్‌కి కొన్ని రోలు (టేబుల్‌లోని రికార్డులు) ఎగిరిపోతున్నా తెలియదు.

బెజవాడ_బైట్
రోలు ఎగిరిపోతే లాగ్‌లో వస్తది కదా. మా దగ్గర ఇప్పటిదాకా ఒక్క కంప్లయింట్ లేదు.

నైట్_షిఫ్ట్
ఆ లాగ్ ఎవరు చదువుతున్నారో చెప్పు ముందు 🙂

బెజవాడ_బైట్
...

ఓరుగల్లు_రూట్
గదే కదా ముచ్చట. క్రాన్ల చెక్ పెట్టుకోండ్రి, తప్పేం లేదు, కని రిపేర్ పెట్టొద్దు. మేం గట్లనే చేస్తం, చెక్ నడుస్తది, ఓకే గాని లైన్ ఏదన్న ఉంటే మెయిల్ కొడ్తది, మనిషి చూసి రిపేర్ చేస్తడు. ఇంకోటి, రెప్లికా (మెయిన్ సర్వర్‌కి నకలుగ నడిచే సర్వర్) ఉన్నోళ్లు జర చూస్కోండ్రి, మైఎస్‌క్యూఎల్‌చెక్ పంపే రిపేర్, ఆప్టిమైజ్ స్టేట్‌మెంట్లు డిఫాల్ట్‌గ బైనరీ లాగ్లకు (రెప్లికాలు చదివి నడిపే లాగ్) పోతయ్. మాస్టర్ల ఒక టేబుల్ ఆప్టిమైజ్ కొడ్తే రెప్లికాలల్ల గూడ అదే నడుస్తది, రెప్లికా మొత్తం వెనకవడ్తది. వద్దనుకుంటే --స్కిప్-రైట్-బిన్‌లాగ్ ఇయ్యాలె.

ఫైనలియర్_పిల్ల
మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది ఇన్నోడీబీ (మైఐసామ్ లాంటి ఇంకో స్టోరేజ్ ఇంజిన్) టేబుల్. ప్రాజెక్ట్ కోసం మైఎస్‌క్యూఎల్‌చెక్ మైనస్ ఆర్ కొడితే "ద స్టోరేజ్ ఇంజిన్ ఫర్ ద టేబుల్ డజన్ట్ సపోర్ట్ రిపేర్" అని వచ్చింది. అంటే నా టేబుల్ పూర్తిగా పోయినట్టా??

పాత_డీబీఏ
కంగారు పడకమ్మా, అది నోట్ మాత్రమే. రిపేర్ టేబుల్ మైఐసామ్, ఆర్కైవ్, సీఎస్‌వీ ఇంజిన్లకే పనిచేస్తుంది. ఇన్నోడీబీకి రిపేర్ అనే మాటే లేదు, కరెంటు పోయి లేచినప్పుడు అది తన రీడూ లాగ్ (చేసిన మార్పులు రాసి పెట్టుకునే ఫైల్) చూసుకుని తనే కోలుకుంటుంది. అందుకే 5.5 నుంచి అదే డిఫాల్ట్ ఇంజిన్ అయింది. చెక్‌లో ఓకే వచ్చిందా నీకు?

ఫైనలియర్_పిల్ల
వచ్చింది సర్, అన్నీ ఓకే. ఊరికే రిపేర్ కొట్టి చూద్దామనిపించింది

సెమికోలన్_మర్చిపోయా
ఊరికే రిపేర్ కొట్టి చూద్దామనిపించింది 😂 ఈ అమ్మాయికి డీబీఏ భవిష్యత్తు ఉంది

నైట్_షిఫ్ట్
నవ్వుతున్నారు గానీ ఇన్నోడీబీలో "ఊరికే చెక్ కొట్టి చూద్దాం" కూడా ప్రొడక్షన్‌లో చేయకూడదు. చెక్ టేబుల్‌కి కరప్ట్ అయిన పేజీ (ఫైల్‌లోని చిన్న ముక్క) తగిలితే సర్వర్ కావాలనే తనని తాను ఆపేసుకుంటుంది, తప్పు డేటా ఇంకా పాకకుండా. మాన్యువల్‌లోనే రాసి ఉంది. డేటా అంతా చదవగలిగేలా ఉండి, ఏదో ఒక సెకండరీ ఇండెక్స్‌లో ఒక్క పేజీ పాడైనా సరే పడిపోవచ్చు.

ఇక్కడ డల్లాస్‌లో ఒక క్లయింట్ దగ్గర ఇదే జరిగింది. ఎవరో బుద్ధిమంతుడు మెయింటెనెన్స్ విండో కూడా లేకుండా పట్టపగలు అన్ని డేటాబేసుల మీద చెక్ వదిలాడు, టేబుళ్లన్నీ ఓకే ఓకే అంటూ పోయి ఒకదాని దగ్గర కనెక్షన్ తెగింది. సర్వర్ ఆటోమేటిగ్గా రీస్టార్ట్ అయింది, అతను నెట్‌వర్క్ సమస్య అనుకుని మళ్లీ అదే కమాండ్ కొట్టాడు, మళ్లీ పడింది. నాకు అర్ధరాత్రి ఫోన్ వచ్చేసరికి వాళ్లు "హ్యాకర్లు" అనే దాకా వెళ్లిపోయారు. ఎర్రర్ లాగ్ తెరిస్తే టేబుల్ పేరు, పేజీ నంబర్ శుభ్రంగా రాసి ఉన్నాయి. చెక్ ఎప్పుడూ రెప్లికా మీదో, బ్యాకప్ రీస్టోర్ చేసిన వేరే మెషిన్ మీదో చేయండి. బ్యాకప్ రీస్టోర్ అవుతుందా లేదా అనేది కూడా ఆ దెబ్బకే తేలిపోతుంది.

సీమ_స్క్రిప్ట్
ఇన్నోడీబీకి ఇన్నోచెక్సమ్ అని ఒకటుంది కదప్పా, అది ఎవురూ చెప్పల్యా. .ఐబీడీ (ఇన్నోడీబీ టేబుల్) ఫైల్ ఇస్తే పేజీ పేజీకి చెక్సమ్ (డేటా చెడిందా అని తెలిపే అంకె) లెక్క కట్టి సరిపోతాందా లేదా చూస్తాది, పేజీ అంటే మామూలుగా 16 కేబీ. కానీ సర్వర్ తెరిచి పెట్టుకున్న ఫైల్ మీద నడవదు, ఫైల్ లాక్ చేయలేకపోతి అని ఏడుస్తాది. సర్వర్ ఆపల్ల, లేకుంటే ఆపినప్పుడు తీసిన కాపీ మీద నడపల్ల. నేనైతే కోల్డ్ బ్యాకప్ తీసిన ప్రతిసారీ ఆ కాపీ మీద దీన్ని తిప్పుతా. చెడిపోయిన బ్యాకప్‌ను జాగ్రత్తగా దాచిపెట్టుకొని ఏం లాభం?

పాత_డీబీఏ
సీమ చెప్పింది మంచి మాట. ఇన్నోడీబీ నిజంగానే పోయి సర్వర్ లేవకపోతే ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ సెట్టింగ్ ఉంది, 1 నుంచి 6 దాకా. నెట్‌లో అందరూ "6 పెట్టు, లేస్తుంది" అంటారు. వద్దు. 1తో మొదలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కండి, 4 నుంచి పైకి పోతే డేటా శాశ్వతంగా దెబ్బతినొచ్చని మాన్యువలే హెచ్చరిస్తుంది. లేచిన మెట్టు దగ్గర డంప్ తీసుకుని, కొత్త సర్వర్‌లో ఎక్కించుకోవాలి. ఆ సెట్టింగ్‌తోనే రోజులు గడిపేద్దాం అనుకోకూడదు.

పీజీ_భక్తుడు
అందుకే మైఎస్‌క్యూఎల్ వదిలేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడండి అంటా

ఓరుగల్లు_రూట్
అచ్చిండు

సెమికోలన్_మర్చిపోయా
ఇంత లేటేంటి అనుకుంటున్నా

పీజీ_భక్తుడు
నవ్వండి నవ్వండి. నిజం చెప్పాలంటే మాకూ గోల తక్కువేం కాదు. 2018లో జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28 వచ్చినప్పుడు అక్షరాల వరస పెట్టే రూల్స్ మారిపోయాయి. డెబియన్ 10కో రెడ్ హ్యాట్ 8కో ఓఎస్ అప్‌గ్రేడ్ చేసినవాళ్లకి టెక్స్ట్ కాలమ్స్ మీద ఇండెక్సులు పాత వరసలో ఉండిపోయాయి, వెతికే కోడ్ మాత్రం కొత్త వరసలో వెతుకుతుంది. రో టేబుల్‌లో ఉంటుంది, క్వెరీకి దొరకదు. యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్ దూరిపోతుంది. డిస్క్ బాగానే ఉంది, కరెంటు పోలేదు, ఎర్రర్ మెసేజ్ ఒక్కటి కూడా లేదు, అదీ భయం. మీ మైఐసామ్ కనీసం క్రాష్డ్ అని నోరు తెరిచి చెప్తుంది.

దీన్ని పట్టుకోవడానికే ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్, 14 నుంచి దాని మీద పీజీ_ఆమ్‌చెక్ అనే కమాండ్ వచ్చింది, టేబుళ్లూ మామూలు (బీ-ట్రీ) ఇండెక్సులూ తిరిగి చూస్తుంది. --హీప్‌ఆల్‌ఇండెక్స్‌డ్ ఇస్తే టేబుల్‌లో ఉన్న ప్రతి రో ఇండెక్స్‌లో ఉందా అని కూడా సరిచూస్తుంది, టైం పడుతుంది కానీ అదే అసలు పరీక్ష. ఇండెక్స్ తప్పని తేలితే రీఇండెక్స్. పేజీ చెక్సమ్స్ అయితే 18 నుంచి డిఫాల్ట్‌గానే ఆన్ అయ్యాయి.

నైట్_షిఫ్ట్
@పీజీ_భక్తుడు మొదటిసారి నీ పోస్ట్‌కి లైక్ కొట్టా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో

ఫైనలియర్_పిల్ల
ఇంకో డౌట్. మా టేబుల్‌లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి, చెక్ కొడితే మాత్రం ఓకే అంటోంది. చెక్‌కి ఇది దొరకదా?

పాత_డీబీఏ
దొరకదు. చెక్ చూసేది టేబుల్ కట్టుబడి సరిగ్గా ఉందా అని మాత్రమే, లోపల రాసిన మాటకి అర్థం ఉందా అని కాదు. దాని దృష్టిలో ప్రశ్నార్థకం కూడా బుద్ధిగా కూర్చున్న అక్షరమే. అలాగే ఫారిన్ కీ చెక్స్ (ఒక టేబుల్‌లోని ఐడీ ఇంకో టేబుల్‌లో నిజంగా ఉందా అని చూడటం) ఆఫ్ చేసి డేటా ఎక్కించేసి ఉంటే, లేని కస్టమర్ పేరు మీద ఆర్డర్ ఉన్నా ఓకేనే అంటుంది.

నీ సంగతికొస్తే, కాలమ్ లాటిన్1 (ఇంగ్లీష్, యూరప్ అక్షరాల ఎన్‌కోడింగ్) అయ్యుంటుంది. తెలుగు అక్షరం దాంట్లో పట్టక ప్రశ్నార్థకంగా రాసేసింది. అలా రాసేశాక అసలు అక్షరం తిరిగిరాదు, ఎక్కడన్నా ఒరిజినల్ ఉంటే మళ్లీ ఎక్కించాల్సిందే. అదే ప్రశ్నార్థకాలు కాకుండా అడ్డగోలు గుర్తులు, అంటే ప్రతి అక్షరానికీ నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ ఏ, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో కనిపిస్తుంటే సంతోషించు, బైట్లు భద్రంగా ఉన్నాయి, చదివే తీరే తప్పు, బాగుచేయొచ్చు.

ఫైనలియర్_పిల్ల
ప్రశ్నార్థకాలే సర్ 😭 ఎక్సెల్ షీట్ ఉందిలెండి, మళ్లీ ఎక్కిస్తా

సీమ_స్క్రిప్ట్
ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోమ్మా ఈసారి. తెలుగుకి ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకు 3 బైట్లే గానీ ఎవుడో ఒకడు పేరులో ఎమోజీ పెడతాడు, దానికి 4 కావల్ల

అటక_మీద_సర్వర్
అప్‌డేట్. సర్వర్ ఆపి కాపీ తీశా, మళ్లీ లేపి మైఎస్‌క్యూఎల్‌చెక్‌తోనే ముందు --క్విక్ (ఇండెక్స్ మాత్రమే బాగుచేసేది) పెట్టి రిపేర్ కొట్టా, ఒప్పుకోలేదు. క్విక్ తీసేసి కొడితే చాలాసేపు కదలకుండా కూర్చుంది, ఇంకో విండోలో ప్రాసెస్ లిస్ట్ చూస్తే "రిపేర్ విత్ కీక్యాష్" అని ఉంది. ఇది ఇలాగే వదిలేయాలా, ఆపేయాలా?

పాత_డీబీఏ
ఆపకండి ఆపకండి! రిపేర్ మధ్యలో సర్వర్ చస్తే, లేచాక ఆ టేబుల్ మీద ఇంకేదీ చేయకుండా ముందు మళ్లీ రిపేరే కొట్టాలి. కీక్యాష్ అని ఉందంటే ఇండెక్స్‌ని ఒక్కో కీ చొప్పున కడుతోంది, బాగా నెమ్మది. సార్ట్ చేసి కట్టే పద్ధతి వేగం, కానీ దానికి టెంప్ డైరెక్టరీలో చోటు కావాలి. మీ టెంప్ ఎంత ఖాళీ ఉంది?

అటక_మీద_సర్వర్
చూశా. దాదాపు నిండిపోయి ఉంది, ఎవరో పాత ఐఎస్ఓ ఫైళ్లు టెంప్‌లో పడేసి మర్చిపోయారు

నైట్_షిఫ్ట్
అవి ముందే తీసేయాల్సింది. టెంప్ నిండినప్పుడు వచ్చే ఇంకో మాయ ఎర్రర్ ఉంది, "ఇన్‌కరెక్ట్ కీ ఫైల్ ఫర్ టేబుల్, ట్రై టు రిపేర్ ఇట్". పాత్ టెంప్‌లో ఉంటే అది మీ టేబుల్ కాదు, క్వెరీ కోసం సర్వర్ కట్టుకున్న తాత్కాలిక టేబుల్. జనం బంగారం లాంటి టేబుళ్లని రిపేర్ల మీద రిపేర్లు కొడుతుంటారు, చోటు ఖాళీ చేస్తే చాలు.

బెజవాడ_బైట్
సరే ఒప్పుకుంటున్నా, మా సర్వర్లలో ఆటో రిపేర్ తీసేసి ఒట్టి చెక్ + మెయిల్ పెడతా. కానీ మైఐసామ్ రికవర్ ఆప్షన్స్ అని సర్వర్‌లోనే ఒక సెట్టింగ్ ఉంది కదా, అది కూడా ఆటోమేటిక్ రిపేరే, దాన్ని ఎవరూ తిట్టరేం?

పాత_డీబీఏ
తిట్టక్కర్లేదు, అది కాస్త బుద్ధున్నది. బ్యాకప్ అని పెడితే టేబుల్ తెరిచేటప్పుడు పాడైందని తెలిస్తే రిపేర్ చేస్తుంది, డేటా ఫైల్ మారాల్సి వస్తే పాతదాన్ని తేదీతో సహా .బీఏకే ఫైల్‌గా దాచిపెడుతుంది. ఫోర్స్ కలపకపోతే ఒకటి కంటే ఎక్కువ రోలు పోయే పరిస్థితిలో ఆగిపోతుంది. 5.7లో డిఫాల్ట్‌గా ఆఫ్, ఉబుంటూ ప్యాకేజీలో మాత్రం బ్యాకప్ అని పెట్టి ఇచ్చేవాళ్లు. అటక గారిది సెంట్‌ఓఎస్ కాబట్టి ఆఫ్‌లో ఉండి ఉంటుంది, అందుకే మనిషిని పిలిచింది.

అటక_మీద_సర్వర్
అయిపోయింది! స్టేటస్ ఓకే. కానీ పైన వార్నింగ్ ఒకటి: "నంబర్ ఆఫ్ రోస్ చేంజ్డ్ ఫ్రమ్ 18642 టు 18629". అంటే 13 పుస్తకాలు గాల్లో కలిసిపోయాయి. ఏవో ఎలా తెలుస్తుంది?

ఓరుగల్లు_రూట్
పాత డంప్ ఉందా? వేరే డేటాబేస్ల ఎక్కించి, అందులుండి ఇందుల లేని ఐడీలు తియ్, లెఫ్ట్ జాయిన్ కొడ్తే అయిపాయె. డంప్ తర్వాత ఎక్కించినవి పోతే మాత్రం కష్టమే

అటక_మీద_సర్వర్
డంప్ సంక్రాంతికి తీసింది. జాయిన్ కొడితే ఒక్కటి కూడా తేడా రాలేదు, అంటే పోయినవన్నీ ఆ తర్వాత ఎక్కించినవే. కానీ మాకు అక్సెషన్ రిజిస్టర్ పుస్తకం ఉంది కదా, కొత్త పుస్తకం వస్తే ముందు దాంట్లో చేత్తో రాసి నంబర్ వేశాకే కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. చివరి పేజీలు తిరగేసి చూస్తే లేని నంబర్లు వరసగా దొరికాయి. మా లైబ్రేరియన్ మేడమ్ "నేను ముందే చెప్పానా" అని ఒక చూపు చూశారు.

సీమ_స్క్రిప్ట్
మేడమ్‌కు డీబీఏ పోస్ట్ ఇచ్చేయండప్పా

నైట్_షిఫ్ట్
ఇప్పుడు ముఖ్యమైన పని. ఆ బుక్స్ టేబుల్‌ని ఇన్నోడీబీకి మార్చేయండి, ఆల్టర్ టేబుల్ ఇంజిన్ ఈక్వల్స్ ఇన్నోడీబీ, అంతే. అసలు మైఐసామ్‌లో ఎందుకుంచారో?

పాత_డీబీఏ
ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ (పేర్లలోని మాటలతో వెతకడం) కోసం అయ్యుంటుంది. 5.6 ముందు అది మైఐసామ్‌లోనే ఉండేది, ఇప్పుడు ఇన్నోడీబీలోనూ ఉంది, మార్చుకోవచ్చు. దాంతోపాటు 600 వోల్ట్ యాంపియర్ల చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. 5.7కి 2023 అక్టోబర్‌తో, సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్‌తో సపోర్ట్ అయిపోయింది, వీలు చూసుకుని అవి కూడా మార్చాలి. అన్నీ ఒకే రోజు మాత్రం చేయకండి.

అటక_మీద_సర్వర్
మార్చా. యూపీఎస్‌కి కమిటీ వాళ్లు సరే అన్నారు, పాత డెస్క్‌టాప్ సంగతి వచ్చే మీటింగ్‌లో. ఒక్కటే మిగిలింది, "కథ" అని కొడితే ఏమీ రావట్లేదు, "కథలు" అంటే వస్తున్నాయి. ఇది కూడా కరప్షనేనా? మళ్లీ చెక్ కొట్టనా?

పీజీ_భక్తుడు
చెక్ వద్దు సామీ. ఫుల్‌టెక్స్ట్‌లో కనీస పొడవు కంటే చిన్న మాటల్ని అసలు ఇండెక్స్‌లోకే తీసుకోదు, డిఫాల్ట్‌గా మైఐసామ్‌లో 4, ఇన్నోడీబీలో 3. "కథ" రెండే అక్షరాలు. ముందు కూడా వచ్చి ఉండదు, ఎవరూ గమనించలేదంతే. ఇన్నోడీబీ ఎఫ్‌టీ మిన్ టోకెన్ సైజ్‌ని కాన్ఫిగ్ ఫైల్‌లో 2 చేసి, సర్వర్ రీస్టార్ట్ చేసి, ఆ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ డ్రాప్ చేసి మళ్లీ కట్టండి. కట్టకపోతే సెట్టింగ్ మార్చినా పాత ఇండెక్సే ఉంటుంది.

ఓరుగల్లు_రూట్
మైఎస్‌క్యూఎల్ సెట్టింగులు పీజీ భక్తుడు చెప్పవట్టె, కలికాలం

అటక_మీద_సర్వర్
వచ్చింది 👍 "కథ"కి మూడు పేజీల రిజల్ట్స్. పోయిన 13 పుస్తకాలు మేడమ్ చదివి చెప్తుంటే టైప్ చేస్తున్నా, అయ్యాక ఒక డంప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెడతా.

సెమికోలన్_మర్చిపోయా
పెన్‌డ్రైవ్ ఆ డెస్క్‌టాప్‌కే గుచ్చి ఉంచకండి సార్, ఇంటికి తీసుకెళ్లండి